అమ్ముడుపోని లీవియో

లీవియోకి లోకం మీద ఉన్నది ఒకే ఒక్క ఫిర్యాదు: అందరూ అమ్ముడుపోయారు. ఎవరికి, ఎంతకి అని అడక్కండి, ఆ వివరాలు వాడి దగ్గర లేవు. వానలో గొడుగు వేసుకుంటే మీరు అమ్ముడుపోయినట్టే. కాఫీలో రెండో చెంచా పంచదార వేసుకున్నా అంతే. కాళ్ళకి కొత్త బూట్లు కనబడ్డాయా, ఇంక మాటల్లేవు, మిమ్మల్ని టోకున కొనేశారన్నమాట. వాడి పెళ్ళిలో పాదిరీ గారు "ఈమెను భార్యగా స్వీకరిస్తావా నాయనా?" అని అడిగితే, "స్వీకరిస్తాను, అమ్ముడుపోయాను" అన్నాడు మహానుభావుడు. పెళ్ళికూతురు అంకిత్సా చేతిలో ఉన్న పూలగుత్తితో అక్కడే ఒక్కటిచ్చింది.

రియేకా రేవులో ఓడలకి వెల్డింగు చేసి చేసి రిటైరయ్యాడు లీవియో. అది పొట్టకూటి పని. అసలు పని "తుప్పు" అనే పంక్ బ్యాండులో పాటగాడు. పాటగాడంటే పాడతాడని కాదు, అరుస్తాడు. నలభై రెండేళ్ళుగా అరుస్తూనే ఉన్నాడు. బ్యాండు పుట్టినప్పుడు దేశం వేరు, జెండా వేరు, నోటు మీద బొమ్మ వేరు. అవన్నీ పోయాయి గానీ ఈ నలుగురూ మాత్రం పోలేదు.

నలుగురిలో నీవెస్ ఒక్కతే ఆడమనిషి. మందుల షాపులో పని, సాయంత్రం అయిదయ్యాక బేస్ గిటారు. ఎగోన్‌ది ఇంకో గిటారు. శ్మశానం గేటు దగ్గర పూలచక్రాల దుకాణం నడుపుతాడు. ఆ వ్యాపారంలో ఎక్కువ మాట్లాడకూడదు కాబట్టి బయట కూడా మాట్లాడ్డం మానేశాడు. ఇక డ్రమ్ముల దగ్గర బెర్తో, ఆరో నంబరు సిటీ బస్సు డ్రైవరు. లోకంలో బస్సులన్నీ ఆలస్యంగా వస్తాయి, బెర్తో బస్సు మాత్రం ముందే వచ్చి ముందే పోతుంది. ఆ రూటులో జనానికి మోకాళ్ళు గట్టిపడింది దాని వెంట పరిగెత్తే.

డ్రమ్ములూ అలాగే వాయిస్తాడు. పాట నడకతో మొదలవుతుంది, రెండో చరణానికి అడుగు జోరందుకుంటుంది, చివరికొచ్చేసరికి వెనక కుక్కలు పడ్డట్టే. మూడు నిమిషాల పాట రెండు నిమిషాలకే అయిపోతుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క బెర్తోకి తప్ప. "ఇవాళ భలే కుదిరింది కదూ?" అంటాడు చెమట తుడుచుకుంటూ. ఆయాసంతో ముగ్గురూ తలూపుతారు.

వాళ్ళు వాయించేది కొండ కింద, యుద్ధకాలంలో తవ్విన సొరంగంలో. ఒకసారి అక్కడ ఎగోన్ గిటారు శ్రుతి చేస్తూ దొరికిపోయాడు.

"ఏం చేస్తున్నావురా?" అన్నాడు లీవియో గుమ్మంలోనే నిలబడి.

ఎగోన్ గిటారుని వెనక్కి దాచుకున్నాడు.

"శ్రుతి చేస్తున్నావు! నా కళ్ళముందే శ్రుతి చేస్తున్నావు! అమ్ముడుపోయావురా ఎగోన్!"

"వదిలెయ్యరా బాబూ, ఒక్క తీగే" అంది నీవెస్.

"ఇవాళ ఒక్క తీగ. రేపు ఆరు. ఎల్లుండి పెళ్ళిళ్ళలో అకార్డియన్ పక్కన వాయిస్తాడు. చూస్తూ ఉండు!"

ఇంకోసారి పూలా అనే ఊళ్ళో కచేరీ. మూడో పాటకి జనం హుషారెక్కి తాళానికి తగ్గట్టు చప్పట్లు కొడుతున్నారు. లీవియో పాట ఆపేశాడు. "అందరూ ఒకేసారి కొడుతున్నారేంటి? ఎవరు చెప్పారు మీకు? అమ్ముడుపోయారు! ఎవడికి తోచినట్టు వాడు కొట్టండి!" పాపం జనం తోచినట్టు కొట్టారు. నిజానికి బెర్తో తాళానికి అదే సరిగ్గా సరిపోయింది.

కళ్ళజోడు కూడా అమ్ముడుపోవడమే వాడి లెక్కలో. అరవై దాటాయి, దగ్గరి అక్షరం ఒక్కటీ కనబడదు. అందుకని పాటలన్నీ పాత ఎన్నికల పోస్టర్ల వెనకాల తలుపంత అక్షరాలతో రాసుకుంటాడు. ఒక్కో పాటకి నాలుగు పోస్టర్లు. గాలివాటం మారితే పల్లవి ఎగిరి ప్రేక్షకుల్లో పడుతుంది.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, నీవెస్‌కి ఈమధ్య నవ్వు రావడం తగ్గింది. నలభై రెండేళ్ళలో తుప్పు వేసినవి మూడు క్యాసెట్లు, అన్నీ ఇంట్లో కాపీ చేసినవే. మొదటిదాని పేరు "ఇదే ఆఖరిది". ఇంట్లో చివరి కాపీని మొన్న తీసి చూస్తే లోపల బూజు. "రేపు మనం పోతే, మనం వాయించామని చెప్పడానికి ఒక్క పెంకైనా ఉండదు" అని ఆవిడ బాధ. అందుకే పట్టుబట్టి కొత్త ఆల్బం మొదలుపెట్టించింది. ఈసారి సక్రమంగా, నల్లటి పెద్ద రికార్డు మీద, అట్ట మీద నలుగురి పేర్లూ అచ్చయి రావాలి.

పన్నెండు పాటలు తయారయ్యాయి. అందులో "లిఫ్టు మళ్ళీ ఆగింది" అనేదాన్ని మించింది లేదు. ఎనిమిదో అంతస్తు దాకా మెట్లెక్కుతూ ఒక్కో అంతస్తులో ఒక్కో మంత్రిని తిట్టే పాట. ఒకరోజు లీవియో చేపల మార్కెట్టు నుంచి పొట్లం చంకలో పెట్టుకుని రుసరుసలాడుతూ వచ్చాడు.

"లిఫ్టు పాట తీసెయ్యండి."

"ఏమైందిరా దానికి?"

"సార్డీన్ చేపలు పొట్లం కట్టే ఆవిడ కూనిరాగం తీస్తోంది! కచేరీలో విన్నదట. బాగుందట! చేపలమ్మే ఆవిడ నోట్లో ఆడుతోందంటే ఆ పాట అమ్ముడుపోయినట్టు కాదూ?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పాట పోయింది. ఎందుకంటే తుప్పుకి ఒక నియమం ఉంది: ఏ నిర్ణయమైనా టోంకా బార్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని నలుగురూ చెయ్యెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోతే ఆ మాట అక్కడితో సరి. పెట్టాలంటేనే కాదు, ఉంచాలన్నా నాలుగు చేతులే. మంచిమాటలకి లీవియో చెయ్యి లేచిన దాఖలా లేదు. బారు నడిపే టోంకా ముసలమ్మ అయితే "ఆ అబ్బాయికి భుజంలో ఏదో లోపం ఉందమ్మా, మందివ్వరాదూ?" అని నీవెస్‌ని అడిగేది.

అసలు గాయం పాతది. ఎనభై ఎనిమిదిలో లుబ్లియానా నగరం నుంచి పెద్ద రికార్డు కంపెనీ వాళ్ళు ఉత్తరం రాశారు. చిరునామా లీవియోది కాబట్టి వాడికే వచ్చింది. వాడు సరాసరి టోంకా బార్లోకి వచ్చి, కవరు పొయ్యిలో పడేసి, "మనల్ని కొనడానికొచ్చారు! నేను అమ్ముడుపోను!" అని బల్ల గుద్దాడు. ఇంకెవరూ ఆ ఉత్తరం చదవనే లేదు. నీవెస్ మూడు నెలలు వాడితో మాట్లాడలేదు. బెర్తో మాత్రం "పోనీలే, మనవాడికి పట్టుదల ఎక్కువ" అని సర్దిచెప్పాడు.

ఇదిగో, ముప్పై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ లుబ్లియానా నుంచే కబురు. నేజా అనే అమ్మాయి, చిన్న రికార్డు కంపెనీ నడుపుతోంది, మీ ఆల్బం నేను వేస్తానంది. నీవెస్ ఆ మాట బల్ల దగ్గర ఎత్తిందో లేదో, లీవియో లేచి నిలబడ్డాడు.

"వద్దు."

"ఏం అడుగుతోందో వినవా?"

"విననక్కర్లేదు. వాళ్ళేం అడుగుతారో నాకు తెలుసు. వద్దంటే వద్దు!"

వాడి మొహం ఎర్రబడింది. ఎందుకో బెర్తో వైపు ఒకసారి చూసి, గబగబా బయటికి వెళ్ళిపోయాడు, వానలో, గొడుగు లేకుండా.

"ఈసారి నాకు ఓపిక లేదు" అంది నీవెస్ మిగతా ఇద్దరితో. "ఆ అమ్మాయిని కలుస్తాను. వాడు చెయ్యెత్తకపోతే నేను బ్యాండులో ఉండను. నలభై రెండేళ్ళు చాలు."

బెర్తో గ్లాసు కింద పెట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం నేజా రైల్లో వచ్చింది. రేవు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చున్నారు. పాతికేళ్ళ పిల్ల, మోచేతి దాకా పచ్చబొట్లు. నీవెస్ ముందే సిద్ధపడి అడిగింది.

"చెప్పమ్మాయ్, ఏం మార్చాలంటావు? జుట్టా, పాటలా?"

"అయ్యో, ఏమీ మార్చొద్దండీ! ఒక్కటే షరతు. డ్రమ్ములు ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి. ఆయన అలా పరిగెత్తుతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇప్పుడు అందరి డ్రమ్ములూ కంప్యూటరు సరిచేసేస్తోంది, ఒక్కడికీ ఒక్క అడుగు తప్పదు. మీ ఆయనలాంటివాడు ఎక్కడా దొరకడు."

"మా ఆయన కాడు, మా బస్సు డ్రైవరు" అంది నీవెస్.

"అసలు మీ బ్యాండు సంగతి నాకు మా నాన్న దగ్గరే తెలిసిందండీ. ఆ పెద్ద కంపెనీలో ఎవర్ని తీసుకోవాలో ఆయనే ఎంచేవాడు. అది మూతపడ్డప్పుడు నవ్వొచ్చిన ఉత్తరాలన్నీ ఇంటికి తెచ్చుకున్నాడు. మీ పాటగాడు రాసిన జవాబుకి ఫ్రేము కట్టించి మా బాత్రూంలో పెట్టాడు. చిన్నప్పటినుంచీ రోజూ చదువుతూ పెరిగాను."

"జవాబా? వాడు జవాబు రాశాడా?"

నేజా ఫోనులో ఫొటో తీసి చూపించింది. లీవియో రాతే, సందేహం లేదు.

"గౌరవనీయులైన కామ్రేడ్ గారికి. మమ్మల్ని తీసుకుంటామన్నందుకు చాలా కృతజ్ఞతలు. మేము అమ్మకానికే ఉన్నాము. చవగ్గానే ఉన్నాము. జుట్టు కత్తిరించుకోమంటే కత్తిరించుకుంటాము. ప్రేమ పాటలు పాడమంటే పాడతాము. గిటార్లు శ్రుతి కూడా చేస్తాము. కాని నలుగురినీ కలిపి తీసుకోవాలి. బెర్తోని తీసేసి మీ డ్రమ్ముల మనిషిని పెట్టుకోమన్నారు, అది కుదరదు. వాడు తొందరపడతాడని మాకు తెలుసు, వాడికి తెలీదు, తెలియకూడదు. కాబట్టి మిమ్మల్ని నాలుగు తిట్టి, ఈ బేరం నేనే చెడగొట్టానని ఊళ్ళో చెబుతాను. ఆ తిట్లకి ఇప్పుడే క్షమాపణ చెప్పుకుంటున్నాను."

నీవెస్ రెండుసార్లు చదివింది. ఎనభై ఎనిమిదికి ముందు వాడు "అమ్ముడుపోయారు" అనే మాట ఒక్కసారైనా అన్నాడా అని గుర్తు చేసుకుంది. అనలేదు! అప్పట్లో వాడికి గొడుగుండేది, ఎర్రది! ఒక్క అబద్ధం నిలబడాలని గొడుగు మానేశాడు, కళ్ళజోడు మానేశాడు, పెళ్ళిలో పూలగుత్తి దెబ్బ తిన్నాడు. ముప్పై అయిదేళ్ళు కనబడ్డవాణ్ణల్లా తిట్టాడు, ఒక్కణ్ణి నొప్పించకుండా ఉండడానికి.

"వెధవ" అంది నీవెస్, కళ్ళు తుడుచుకుంటూ. "ఒట్టి వెధవ. అమ్మాయ్, నీ షరతు కాగితం మీద అన్నిటికంటే పైన రాయి."

సోమవారం నలుగురూ బల్ల దగ్గర చేరారు. నీవెస్ కాగితం లీవియో ముందు పెట్టింది. వాడికి ఎలాగూ కనబడదు, చేయి చాచి ఎంత దూరం పట్టుకున్నా కనబడలేదు.

"అమ్ముడుపోయిన కాగితాలు నేను చదవను" అన్నాడు.

"ఎగోన్, నువ్వు చదువు."

ఎగోన్ గొంతు సవరించుకున్నాడు. టోంకా కౌంటరు వెనక చేస్తున్న పని ఆపేసింది.

"షరతు ఒకటి" అని చదివాడు ఎగోన్. "డ్రమ్ములు బెర్తో గారే వాయించాలి. వారి తాళాన్ని ఎవరూ సరిచేయరాదు, నెమ్మది చేయరాదు, వారి స్థానంలో వేరొకరిని కూర్చోబెట్టరాదు."

"నాదా?" అన్నాడు బెర్తో. "నా పేరే రాసిందా? నా వాయింపులో అంత ఏముంది?"

లీవియో నోరు సగం తెరిచి అలాగే ఉండిపోయాడు. నీవెస్ వైపు చూశాడు. ఆవిడ మహా శ్రద్ధగా వైన్‌లో సోడా కలుపుకుంటోంది. అయినా వాడికి అర్థమైపోయింది, చెవులు ఎర్రగా కందిపోయాయి.

నీవెస్ చెయ్యెత్తింది. ఎగోన్, బెర్తో ఎత్తారు. లీవియో చెయ్యి బల్ల మీంచి మెల్లిగా లేచింది, చెవి దాకా వచ్చింది, చెవి దాటి పైకి పోయింది. కౌంటరు వెనక గ్లాసు పగిలిన చప్పుడైంది.

"ఒరేయ్ లీవియో, నువ్వేనా!" అన్నాడు బెర్తో.

"నేను ఏమీ ఒప్పుకోలేదు. భుజం పట్టేసింది, సాగదీసుకుంటున్నాను" అన్నాడు లీవియో. "దించకముందే సంతకాలు కానివ్వండి."

రికార్డింగు సొరంగంలోనే పెట్టారు. నేజా మైకుల తీగలు తగిలిస్తుంటే లీవియో నీవెస్ పక్కకి చేరాడు.

"ఎక్కడ చూశావ్?"

"లుబ్లియానాలో బాత్రూం గోడ మీద ఉందట."

"వాడికి చెప్పావా?"

"నాకేమైనా పిచ్చా?"

లీవియో పోస్టర్ల చుట్ట విప్పి ఒక్కొక్కటీ గోడకి అంటించాడు. "లిఫ్టు పాట కూడా పెట్టెయ్" అన్నాడు చివరికి. "చేపలావిడ అడుగుతోంది."

లిఫ్టు పాటతోనే మొదలుపెట్టారు. బెర్తో కర్రలు కొట్టి నాలుగు లెక్కపెట్టాడు. అందులో నాలుగో అంకె మూడోదాన్ని తోసుకుంటూ వచ్చింది. రెండో అంతస్తుకి అందరూ బాగానే ఎక్కారు. అయిదో అంతస్తులో ఎగోన్ వెనకబడ్డాడు. ఏడు దగ్గర లీవియో ముగ్గురు మంత్రుల్ని ఒకే ఊపిరిలో తిట్టాల్సి వచ్చింది. ఎనిమిదో అంతస్తుకి బెర్తో ఒక్కడే చేరాడు, మిగతా ముగ్గురూ మెట్ల మీదే ఉన్నారు. నేజా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ఆనందంతో గెంతుతోంది.

బెర్తో కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితం మీద తన పేరు చూసుకున్న దగ్గర్నుంచీ ఏదో గుబులుగానే ఉన్నాడు. ఎప్పుడూ అడగనిది ఇవాళ మొదటిసారి అడిగాడు.

"ఒరేయ్, నిజం చెప్పండి. నేనేమైనా తొందరపడ్డానా?"

నీవెస్ లీవియో వైపు చూసింది. లీవియో గోడకి చేరగిలబడి, ఆయాసం దిగమింగి, ముక్కు తుడుచుకున్నాడు.

"నువ్వు సరిగ్గానే ఉన్నావురా" అన్నాడు. "మేమే ముసలాళ్ళమైపోయాం. ఊఁ, ఇంకోసారి కొట్టు, ఈసారి అందుకుంటాం."