కళ్ళు తెరవని భక్తురాలు

ముప్పై ఏళ్ళు మరమగ్గాల మధ్య నిలబడితే చెవులు మిగులుతాయా? పోతాయి. ఒక్కసారిగా పోయినా బాగుండేది, నలుగురికీ చెప్పుకుని ఏడ్చేది. ఆవిడకి ఏడాదికింత చొప్పున పోయాయి. మగ్గాల షెడ్డులో ఆడవాళ్ళు ఒకరి పెదవులు ఒకరు చూసే మాట్లాడుకుంటారు. ఆ విద్య అబ్బి ఉండటంవల్ల ఇంట్లోగానీ బజారులోగానీ ఆవిడ చెవుడు ఎవరూ కనిపెట్టలేదు. కట్టుకున్నవాడు కూడా.

చిక్కంతా ప్రార్థనలో వచ్చిపడింది. వాళ్ళ సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం ఉపవాస ప్రార్థన. అందరూ మోకరించి, కళ్ళు మూసుకుని, ఎవరి ప్రార్థన వాళ్ళు గొంతెత్తి చేస్తారు. ముగించే వేళకి పొట్టేలు కొమ్ము బూర ఊదుతారు. అది వినగానే కళ్ళు తెరిచి లేవాలి. ఆ బూర ఊదేది ఆవిడ మొగుడే. మిల్లు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. వచ్చేపోయే లారీవాళ్ళు కూడా లెక్కచెయ్యరు. ఆ కొమ్ము చేతిలోకి వస్తే మాత్రం ఆయన వెన్ను నిటారుగా నిలుస్తుంది. లోకంలో ఆయనకున్న గొప్ప అదొక్కటే.

అన్ని చప్పుళ్ళూ పోయాక కూడా చాలాకాలం ఆ బూర ఒక్కటీ ఆవిడకి అందింది. మూడు నెలల కిందట అదీ పోయింది.

మొదటివారం ఓరగా ఒక కన్ను తెరిచి చూసింది. సరిగ్గా అప్పుడే సంఘ పెద్దగారి భార్య కూడా ఓరగా చూస్తోంది. ఇద్దరి చూపులూ ఢీకొన్నాయి. ఛీ, ఏం బతుకు! ఆ సిగ్గుతో ఆ తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, ఇక ఊదేసే ఉంటారని నమ్మకం కుదిరేదాకా మోకాళ్ళ మీదే ఉండిపోయేది. తెరిచేసరికి అందరూ కూర్చుని ఆవిడనే చూస్తూ ఉండేవారు. “ఆవిడని కదపకండి, ఆత్మలో ఉంది” అన్నారట పాస్టరుగారు. ఇంకేముంది, గోరంత కొండంతయింది. “అక్కా, మా పిల్ల కోసం ఒక్క మాట ప్రార్థించవా?” అంటూ ఆడవాళ్ళు మూగడం మొదలుపెట్టారు. అన్నేసి పెదవులు చదివి కళ్ళు లాగేవి. పగలంతా షెడ్డులో నిలువుకాళ్ళ మీద ఉద్యోగం, ఆపైన మోకాళ్ళు, ఆపైన లేని ఈ భక్తి! ప్రాణం విసిగిపోయింది.

చెప్పేద్దామా అంటే, ఇంటికొస్తూ మొగుడు ప్రతిసారీ “ఎలా పలికిందే?” అని అడుగుతాడు. ఏమని చెబుతుంది? “బాగుంది” అనేది.

ఒక శుక్రవారం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఆయన అడక్కముందే అనేసింది.

“ఇవాళ గోడలు అదిరాయయ్యా!”

ఆయన చెంబు కింద పెట్టి ఆవిడ ముఖంలోకి చూశాడు.

“ఇవాళ బూర పలకనేలేదే. పెదవి పగిలి ఉత్త గాలి వచ్చింది. పాస్టరుగారే అందర్నీ లేవమన్నారు.”

ఆవిడ తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

“ఎన్నాళ్ళయింది?” అన్నాడు.

“బూర పోయి మూడు నెలలు. మిగతావి ఎప్పుడో పోయాయి.”

“అయితే ఇన్నాళ్ళూ నాతో అబద్ధం చెప్పావా? అదీ దేవుడి పనిలో!”

“చెప్పాను! ఏం చెయ్యమంటావు? ఊరంతా భక్తురాలంటుంటే సిగ్గుతో చస్తున్నాను. నువ్వేమో ఆ ఒక్క మాట కోసం వారమంతా కాచుక్కూచుంటావు. అలిసిపోయానయ్యా, ఇంక నావల్ల కాదు.” గడప మీదే కూలబడి భోరున ఏడ్చింది.

ఆయన చెంబు అందుకుని తన కాళ్ళు కడుక్కున్నాడు. ఆ వారమంతా ముభావంగానే తిరిగాడు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆవిడ మోకరించి కళ్ళు మూసుకుంది. ఎప్పటిలాగే ఎంతసేపైందో తెలియలేదు. భయమేసింది.

భుజం మీద ఒక చెయ్యి పడింది. పడి, సన్నగా వణకసాగింది. చాలాసేపు వణికింది. చివర్లో తడబడి, ఒక్కసారి అదిరి ఆగిపోయింది.

కళ్ళు తెరిచింది. మొగుడు వేదిక దిగివచ్చి పక్కనే నిలబడి ఉన్నాడు. ఊదిన కొమ్ము అప్పుడే పెదవుల మీద నుంచి దించుతున్నాడు. సంఘమంతా లేస్తోంది.

“చివర్లో ఊపిరి చాలలేదు నీకు” అంది ఆవిడ.

ఆయన ఆయాసపడుతూనే తలూపాడు. “ఏడాది నుంచీ అంతే. ఎవరూ కనిపెట్టలేదు.”

“మరి మానెయ్యకూడదూ?”

“మానేస్తే నిన్ను లేపేదెవరే?” అన్నాడు.