చిన్నమ్మ మాటకు మామ చెప్పిన తమిళం

మొన్న కృష్ణగిరిలో, మా ఆవిడ నిద్ర మాత్రల కోసం మానసిక వైద్యుల గది బయట నేను కూర్చుని ఉంటే, లోపల ఒక నర్సమ్మ ఎవరో ముసలామె కొడుకునూ కోడలినీ నెమ్మదిగా బయటికి పంపి, ఈడ ఉంటావా ఇంటికి పోతావా అని ఆమెనే తెలుగులో అడిగింది. తలుపు మూసి అడిగి ఉంటే ఇంకా బాగుండేది గాని, అడిగింది కదా, అదే గొప్ప.

నేను హోసూరులో ఒక దినపత్రికకు వార్తలు పంపుతూ, సైకిలు మీద కెలవరపల్లి దాకా తిరిగే రోజుల్లో, బేరిగైలో ఉండే మా అమ్మ చెల్లెలు భర్త పోయాక తిండీ నిద్రా మాని పొలం గట్ల మీద తిరుగుతుంటే, మేనమామ ఆమెను మానసిక ఆసుపత్రిలో చేర్చినాడు. అందులో తప్పులేదు, నెలకల్లా ఆమె కోలుకునింది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. మామ కూతురికి బర్గూరు సంబంధం కుదిరింది, పెండ్లి అయ్యేదాకా మతి చెడిన మేనత్త ఇంట్లో కనబడకూడదని ఆయన భయం.

మా వైపు ఇండ్లలో తెలుగు, సంతలో కన్నడం, ఆఫీసులో తమిళం. ఆ మూడోది రాని ఆడవాళ్ల తరఫున మగవాళ్లే మాట్లాడేస్తారు, అది సాయమనే అనుకుంటారు. చిన్నమ్మను చూసే డాక్టరుకు తమిళమే వచ్చు. ఆ రోజు మామ వెంట నేనూ పోయినాను. ఇంటికి పోతావా అని ఆయన అడిగింది మామ తెలుగులో చెబితే చిన్నమ్మ, "పోతాను, అన్నా. రాగులు కోతకొచ్చింటాయి. ఈడ నాకేం పని?" అనింది. మామ డాక్టరు వైపు తిరిగి, ఇంటికి పోవాలంటే భయమంట, ఇంకొన్నాళ్లు ఉంటుందంట అని తమిళంలో చెప్పినాడు. డాక్టరు నా ముఖం చూసినాడు. ఊరందరి తప్పులూ రాసేవాణ్ని, పెద్దాయన మాట కాదనలేక తలూపినాను.

ఆ తలూపుడుకు చిన్నమ్మ ఇంకో ఇరవై రోజులు లోపలే ఉండింది. మళ్లీ పోయినప్పుడు నన్ను చూసి, "పేపర్లో అందరి సంగతీ రాస్తావంట కదప్పా, నా మాట ఒకటి ఆయప్పకు చెప్పలేవా?" అనింది. మామ తమిళం మొదలుపెట్టగానే నేను అడ్డుపడి, ఆమె అన్నది ఉన్నదున్నట్టు చెప్పి, పోయినసారి నేను తెలిసే అబద్ధానికి తలూపినానని కూడా చెప్పినాను. "నా కూతురి పెండ్లి చెడగొట్టేకే పుట్టినావేమప్పా" అన్నాడు మామ. డాక్టరు ఆయన్ను బయట కూర్చోమని, చిన్నమ్మ మాట నా నోట ఇంకోసారి విని, ఆ సాయంత్రమే ఆమెను పంపించినాడు. పెండ్లి ఆగలేదు, మమ్మల్ని పిలవలేదు, అంతే. మామ పోయేదాకా నాతో మాట్లాడలేదు. దానికి నాకు బాధ లేదు, ఆ ఇరవై రోజులకు ఉంది.

ఇప్పుడు చట్టం మారింది, ఆసుపత్రిలో ఉన్న మనిషినే అడగమంటుంది. అయినా ఆసుపత్రి గదుల్లో జవాబులు ఎక్కువగా బంధువులవే. ఇది రాస్తున్నానని తెలిసి మావాళ్లు ఇంటి గుట్టు బజారుకీడ్చొద్దని పోరుతున్నారు. వాళ్ల అనుమతి నాకక్కర్లేదు. అడగాల్సిన మనిషిని ఆమె బతికుండగానే అడిగినాను. రాగులు చెరుగుతున్న చిన్నమ్మ, పేరు వద్దు, జరిగింది మాత్రం రాయమని, చేట కింద పెట్టింది.

"ఇన్నేండ్లలో నన్నడిగినోడివి నువ్వొకడివే అప్పా" అనింది.