దిగిరాని బంతి

అమెరికాలోని చాండ్లర్‌లో మా పక్కింటి అమెరికన్ పెద్దాయన కుర్రతనంలో ఒకే ఒక్క సీజన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడాడు. మైదానం చివర నిలబడి ఎత్తుగా వచ్చిన బంతులు పట్టడం ఆయన పని. ఎండ కళ్ళలో పడి ఒక క్యాచ్ వదిలేశాడట, టీమ్‌లోంచి తీసేశారు. ఎవరడిగినా ఒకటే మాట: "అది సూర్యుడిలోకి పోయింది. ఇంకా దిగిరాలేదు."

చూపు దాదాపు పోయాక కూడా ఆదివారాలు మా టెన్నిస్ బాల్ క్రికెట్‌కి వచ్చి, బౌండరీ అవతల కుర్చీ వేసుకునేవాడు. బ్యాట్ చప్పుడును బట్టి బంతి ఎటు పోతోందో వేలితో చూపించేవాడు.

ఒకరోజు మావాడొకడు సిక్సర్ లేపాడు. చప్పుడు వింటూనే పెద్దాయన లేచి, మాకు వీపు తిప్పి పరుగెత్తాడు.

"ఒరేయ్, ఆయన్ని ఆపండ్రా, పడిపోతాడు!" అని ఎవరో అరిచారు. నేను వెనకాలే పరుగెత్తాను.

ఆయన ఆగి, ఇటు తిరిగి, రెండు చేతులూ పైకెత్తాడు. బంతి అక్కడికే వచ్చింది. చేతులకు జానెడు ఇవతల, చప్పుడు లేకుండా గడ్డిలో పడింది.

ఆయన చేతులు దించలేదు.

"ఇంకా పైనే ఉందా?" అన్నాడు.

బంతి నా కాళ్ళ దగ్గరే ఉంది.