నాలుగు చేన్ల జొన్న

నస్పూర్‌లో బొగ్గుబాయి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోతూ జమున బండి దగ్గర ఆగుతారు. జొన్నరొట్టెలు కాగితంలో చుట్టించుకుని, పైన ఇంత పచ్చిమిరప తొక్కు వేయించుకుని పోతారు. పిండిముద్దను పీట మీద పెట్టి అరచేత్తో చరుస్తూ తిప్పుతుంటే, అంచు చిట్లకుండా రొట్టె పెద్దదవుతుంది. ఆ పని జమునకు ఎవరూ నేర్పలేదు. చరిచి చరిచి చేతికి వచ్చింది.

చిక్కు వచ్చిందల్లా జొన్నలతోనే. ఏళ్లుగా ఆమెకు జొన్నలు ఇచ్చేది మంచిర్యాల వ్యాపారి సుధాకర్ సేటు ఒక్కడే. ఒక వానాకాలం దారులు తెగిపోయి అతని లోడు ఆగింది. చివరికి అతను ఇచ్చినవి ఎక్కడో మూలకు పడివున్న పాత గింజలు. పాత జొన్న పిండికి జిగురు ఉండదు.

"ఇవి ఏ కాలపు జొన్నలు సేటూ? పెంక మీద ఏస్తే ముక్కలైతున్నయి."

"ఇష్టమైతే తీస్కో అక్కా, లేకుంటే ఇడ్లీ బండి పెట్టుకో. గీ జిల్లాల జొన్న ఏసెటోడు ఎవడున్నడు చెప్పు?"

వేరే దిక్కు లేక తీసుకుంది. "జమునక్కా, గిది రొట్టెనా, అప్పడమా?" అని బాయి మనుషులు నవ్వారు. నవ్విన వాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. బండి మీద తోడుగా పనిచేసే నవనీత చేతులు ముడుచుకుని కూర్చుంది.

"మన బతుకు ఒక్కని గోదాముల పెట్టి తాళం ఆయినకే ఇచ్చినం. నాదే బుద్ధి తక్కువ" అంది జమున.

వానలు తగ్గగానే ఉట్నూర్ దగ్గర తల్లిగారి ఊరికి బస్సెక్కింది. అక్కడ చిన్నాయన కొడుకు అంబదాస్‌కు నల్లరేగడి చేను ఉంది. సోయా తీశాక జొన్న వేయమని అడిగింది.

"ఒక్కన్ని ఏస్తే సుట్టుముట్టు ఊర్ల చిలుకలన్ని నా చేన్లనే దిగుతయి చెల్లే. ఎనుకట అందరు ఏస్తుండిరి, పిట్టలు ఇంత ఇంత పంచుకుంటుండె."

అయినా చెల్లె మాట కాదనలేక వేశాడు. అతను చెప్పినట్టే అయింది. కంకులకు ఒట్టి పొట్టే మిగిలింది. మంచిర్యాలలో ఆ కబురు విన్న సుధాకర్ సేటు పగలబడి నవ్వాడు.

"చిలుకలకు రొట్టెలు అమ్ముతున్నవట గదా అక్కా!"

జమున ఆ మాట మింగింది, పట్టు మాత్రం వదల్లేదు. మరుసటి ఏడు అంబదాస్‌ను, ఆ చేనును ఆనుకుని ఉన్న ముగ్గురు రైతులను ఒకచోట కూర్చోబెట్టింది.

"సేటు ఒక్కడే ఉన్నందుకు మునిగిన. చేను ఒక్కటే అయినందుకు మళ్ల మునిగిన. ఈసారి నాలుగు చేన్లు కలిసి ఏద్దాం. సోయాతోని మీ పసులకు మేత దొరుకుతలేదు గదా? చొప్ప మీది, గింజ నాది. ధర ఇయ్యాల్నే మాట్లాడుకుందాం."

హనుమండ్లు అనే రైతు మూతి తిప్పాడు. "నీ రొట్టెల కోసం మేం పిట్టలను కొట్టుకుంట కూసోవాల్నా?"

"నేను కొడ్త. నువ్వు సూడు."

కంకులు పాలు పోసుకునే వేళకు బండిని నవనీతకు అప్పగించి, నాలుగు చేన్ల నడుమ మంచె ఎక్కింది. వడిసెల తిప్పి తిప్పి భుజం వాచింది. డబ్బా కొట్టి కొట్టి చెవులు గుయ్యిమన్నాయి. ఒక పొద్దున చిలుకలు చేను కనబడకుండా దిగాయి. అంబదాస్ కొడవలి పట్టుకుని వచ్చాడు.

"పచ్చిగనే కోద్దాం చెల్లే. చొప్పన్న మిగుల్తది."

"కోసుడుంటే ముందు నన్ను మంచె దించు."

అతను కొడవలి గట్టు మీద పడేసి, ఇంటికి పోయి పెండ్లాన్ని, ఇంకో డబ్బాను తీసుకొచ్చాడు. పిట్టలు తినేది తిన్నాయి. నాలుగు చేన్లకు పంచుకుని తిన్నాయి కాబట్టి మనుషులకూ మిగిలింది.

కల్లంలో సంచులు కుట్టే రోజు సుధాకర్ సేటు వ్యాన్ వేసుకుని దిగాడు. ఆ ఏడు బయట జొన్నకు కరువొచ్చింది.

"అక్క ఇచ్చేదాని కంటె ఎక్కువ ఇస్త. గిప్పుడే చేతుల పెడ్త" అన్నాడు రైతులతో.

జమున అడ్డం పోలేదు. హనుమండ్లు ఆమె ముఖం చూడకుండా తన సంచి భుజానికెత్తుకుని వ్యాన్ వైపు నడిచాడు. మిగిలిన ఇద్దరూ అంబదాస్ వైపు చూశారు. అంబదాస్ పోయి తన సంచుల మీద కూర్చున్నాడు.

"నీ ధర మంచిదే సేటూ. గని నువ్వు గూడ చిలుకల లెక్కనే, గింజ పట్టినంకనే వస్తివి."

ఆ ఇద్దరూ నవ్వి, తమ సంచులు కుట్టుకోసాగారు. సేటు ముఖం మాడింది. జమున వైపు తిరిగాడు.

"సూసినవా అక్కా, ఒకడు అప్పుడే జారిండు. వచ్చే ఏడు అందరు జారుతరు."

"ఒకడు జారుతడని తెలిసే నలుగుర్ని పట్టిన సేటూ. వచ్చే ఏడు ఆరుగుర్ని పడ్త. హనుమండ్లన్నను గూడ మళ్ల అడుగుత, నాకేం సిగ్గు?"

వాచిన భుజం మీదికే కొంగు లాగి, దోపుకుని, అంబదాస్ కూర్చున్న సంచికి ఒక కొస తానే పట్టింది.

"లేవన్నా, ఎత్తు. నవనీత పొయ్యి ముట్టిచ్చి ఎదురుసూస్తుంటది."