మొక్కల్ని కింద నుంచి చూసే పెద్దమ్మ

పక్కింటి పెద్దమ్మ పోయింది. శుక్రవారం పొద్దున నాగర్‌కర్నూల్ దవాఖాన నుంచి ఆమె కోడలు ఫోన్ చేసి చెప్పింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపు కన్నా ముందు భయం వేసింది. గేటు పక్క పూలమడి వైపు చూశాను. నా మూడేళ్ల పాప చెప్పులు అక్కడే ఉన్నాయి.

ఆ భయం నేను తెచ్చిపెట్టుకున్నదే. పాములు రావని ఎవరో చెబితే, వనపర్తిలో మా ఇంటి ముందు మడి నిండా ఈశ్వరి తీగ పెంచాను. అది నేల కనపడకుండా అల్లుకుపోయింది. పోయిన వానకాలం ఆ తీగ కిందే కట్లపాము బయటపడింది, పాప ఆడుకునే చోటికి జానెడు దూరంలో. అన్నీ పీకించి సిమెంటు వేయించబోతుంటే పెద్దమ్మ గోడ అవతలి నుంచి ఆపింది.

"మన్ను మూస్తే భయం పోతదా బిడ్డా? నేల కనవడేటట్టు చేస్కో."

ఆమె అమ్రాబాద్ దిక్కు మనిషి. వయసులో ఉన్నన్నాళ్లూ మొక్కలు పెంచే చోట కూలికి పోయింది. నన్ను కొల్లాపూర్ రోడ్డు నర్సరీకి వెంటబెట్టుకుపోయి, నేను పూలు చూసి ముచ్చటపడ్డ ప్రతి మొక్క ముందూ గొంతుకూర్చుని కింద నుంచి చూసింది. గుబురుగా ఉన్నవన్నీ వద్దంది. గన్నేరును ముట్టనివ్వలేదు, పిల్ల నోట్లో పెట్టుకుంటే ప్రాణానికే ముప్పంది. చివరికి ఒంటికాడ మందారాలు రెండు, ఒక నందివర్ధనం మిగిలాయి. నాటాక వాటికి కింది కొమ్మలన్నీ కత్తిరించింది. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టిన కూలీల్లా ఉన్నాయని నేను వెక్కిరిస్తే, నాట్లేసేవాళ్లు అట్లాగే ఉంటారని నవ్వింది.

చెయ్యి పెట్టేముందు కర్రతో నేలను రెండుసార్లు కొట్టి ఆగడం ఆమె అలవాటు. నాకూ అదే నేర్పింది.

"కొట్టంగనే చెయ్యి పెట్టకు. పోయేదానికి జర టైమియ్యాలె."

ఆమె తల ఊపాకే నేను వంగేదాన్ని. ఈ కొన్ని నెలల్లో నా వణుకు సగం తగ్గిందంటే అది ఆమె చలవే.

మొన్నటి ఎండలకు నందివర్ధనం మాడిపోయింది. ఆదివారం పోయి ఇంకోటి తెద్దామంది పెద్దమ్మ. ఆదివారం రాకముందే ఆమె లేదు.

నిన్న ఒక్కదాన్నే నర్సరీకి పోయాను. అందరూ చూస్తుండగా గొంతుకూర్చుని మొక్కల కింద చూశాను. ప్రతిదాని కిందా చీకటిగానే అనిపించింది. ఎట్లాగో ఒక బక్క నందివర్ధనాన్ని తెచ్చుకున్నాను.

ఈ పొద్దున పాపను గుమ్మంలో కూర్చోబెట్టి, ఎండిన మొక్క దగ్గర నేలను రెండుసార్లు కొట్టాను. కర్ర పట్టుకుని ఆగాను. పెద్దమ్మ గోడ వైపు చూశాను. ఎంతసేపు ఆగాలో ఆమెను నేనెప్పుడూ అడగలేదు.