మొదటి పంక్తి

నిన్న సాయంత్రం నగరి నుంచి తిరుపతికి వస్తుంటే, వడమాలపేట దగ్గర బస్సులోకి పొగ కమ్ముకొచ్చింది. రోడ్డు పక్క చేనులో ఎవరో ఎండు చెరకాకు తగలబెడుతున్నారు. మాడిన బెల్లం లాంటి వాసన. "అద్దాలు మూయండప్పా" అని కండక్టరు కేకేశాడు. నా అద్దం మాత్రం కాసేపు తెరిచే ఉంచాను. పద్మావతమ్మ మేడం పక్కన ఉండుంటే ఏమనేవారో నాకు తెలుసు. "అదిగో, మనవాళ్ళ సద్దిమూట కాలిపోతా ఉండాది" అనేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. అలా అనేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

చిత్తూరులో మట్టి పరీక్షలు చేసే ఆఫీసులో నేను కొత్తగా చేరినప్పుడు ఆవిడ మా పై అధికారి. మనిషి పిట్టంత, గొంతు మాత్రం సంతలో ఆ కొసకు కూడా వినపడేది. "మనవాళ్ళు ఎండకు తట్టుకోలేరు పాపా", "మనవాళ్ళకు కాస్త తేమ కావాల" అంటుంటే, ఎవరో దగ్గరి బంధువులు కాబోలని మొదటి వారమంతా ఎంతో మర్యాదగా తలూపాను. తీరా చూస్తే ఆ మనవాళ్ళు మట్టిలోని సూక్ష్మజీవులు! గాలిలో ఎక్కువ భాగం నత్రజనే అయినా పైరు దాన్ని నేరుగా తీసుకోలేదని నేనూ చదువుకునే వచ్చాను. ఆవిడ చెప్పే తీరు వేరు. "ఇంటినిండా వడ్లుండాయి, దంచేవాళ్ళు లేకపోతే పస్తే గదా? ఆ దంచేవాళ్ళే మనవాళ్ళు. గాలిలోది దంచి పెడతారు. రాలిన ఆకునీ, పేడనీ ముద్ద చేసి వేరు నోటికి అందిస్తారు. మడిలో నీళ్ళు నిలిస్తే మాత్రం, ఉన్నదంతా మళ్ళీ గాలికి వదిలేసే దుబారా మనుషులూ వాళ్ళలో ఉండారు" అనేవారు. పరీక్ష కోసం చదివింది ఎప్పుడో మరచిపోయాను గానీ ఈ మాటలు మరచిపోలేదు.

ఒకరోజు వడమాలపేట వైపు నుంచి మునెమ్మ అనే రైతు వచ్చింది. భర్త లారీ డ్రైవరు, సేద్యమంతా ఆమెదే. అంతకు ముందు మేడం మునెమ్మ ఊరికి వెళ్ళి, చెరకాకు కాల్చొద్దు, దున్నేయండి అని చెప్పి వచ్చారు. ఊళ్ళో ఆ మాట విన్నది ఈమె ఒక్కతే. ఆకు దున్నేసి రాగి నాటింది. ఇప్పుడు ఒక రాగి మొక్క పీకి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సూడండి మేడం, పైరంతా పసుపు పూసినట్టుండాది. మీరు సెప్పినట్టే సేసినా గదా? ఈ మట్టిలో సత్తువ లేదు, పైమట్టి ఇటుకల బట్టీకి అమ్మేస్తానంటా ఉండాడు మా బావ. అన్నదమ్ములు నేల ఇంకా పంచుకోలా. ఆయన ఊ అంటే రేపే జేసీబీ దిగతాది."

ఆమె ఏడవలేదు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మేడం మొక్క వేళ్ళు విప్పి చూసి, "రేపు సేనుకొస్తాం" అన్నారు.

మరునాడు మేడమూ నేనూ చేనుకు వెళ్ళాం. మునెమ్మతో పాటు ఆమె బావగారూ గట్టు మీదే ఉన్నారు, భుజాన తువ్వాలు, ముఖాన వెటకారం. మేడం చెప్పులు విడిచి చేనులోకి దిగి, మొక్కల మధ్య చేత్తోనే మట్టి తవ్వారు. సగం చివికిన చెరకాకు, దాని మీద తెల్లటి బూజు పోగులు.

"మునెమ్మా, పెండ్లిలో మొదటి పంక్తికి ఊరంతా ఎగబడితే రెండో పంక్తికి ఏం మిగులుతుంది? ఇంత ఆకు ఒక్కసారి వేసేతలికి మనవాళ్ళు వేలంవెర్రిగా పెరిగినారు. ఆకు తినాలంటే వాళ్ళకూ నత్రజని కావాల. మట్టిలో ఉండేదంతా వాళ్ళే తినేసినారు. నీ పైరు రెండో పంక్తిలో ఖాళీ విస్తరి ముందర కూర్చోనుండాది."

"మరి ఆ పురుగులు మా పైరుకు ఎప్పుడు పెడతాయి?"

"అవి సచ్చినాక. తిన్నదంతా వాటి ఒంట్లోనే ఉంటాది, యాడికీ పోదు. వాటి బతుకెంత! అవి సచ్చి కుళ్ళితే అంతా నీ పైరుకే. అందాకా పైరు తట్టుకునేదానికి కొంచెం యూరియా సల్లు. అసలు ఆకు దున్నేటప్పుడే సల్లుండాల. నేను ఆ మాట సెప్పలా. సగమే సెప్పినా. తప్పు నాది."

"సగం సెప్పేదానికి ఆఫీసు, జీతం ఎందుకమ్మా?" అన్నారు బావగారు.

నాకు ఒళ్ళు మండింది. ఏమైనా అందామని నోరు తెరిచేలోగా మేడం నా చెయ్యి నొక్కారు. ఆ తరువాత ఆయన వైపు తిరిగి, "నిజమే అన్నా. ఈ ఒక్క పంటా సూడండి. ఆ మీదట మీ ఇష్టం" అన్నారు.

ఆ తరువాతి రోజులు ఆవిడకు ఎలా గడిచాయో నేను చూశాను. వానొస్తే భయం, రాకపోతే భయం. యూరియా కొట్టుకుపోతుందేమోనని ఒకసారి, కరగదేమోనని ఒకసారి మునెమ్మకు ఫోన్ చేసేవారు. పైరు మెల్లగా తేరుకుంది. మొదట లేత ఆకులు, ఆ పైన చేనంతా పచ్చబడింది. పంట గొప్పగా ఏమీ రాలేదు, పరవాలేదనిపించింది. బావగారు మెచ్చుకోలేదు గానీ, జేసీబీని కూడా పిలవలేదు. ఆ నేల ఆ ఏటికి నిలిచింది, మరుసటి ఏటికీ నిలిచింది.

అప్పుడు అడిగాను, లోపల దాచుకున్న మాట. "ఆయన ముందర తప్పు మీదని ఎందుకన్నారు మేడం? ఇంకెప్పుడైనా మన మాట వింటారా?"

ఆవిడ నవ్వలేదు. "నాది అనకపోతే మట్టిదయ్యేది గదా పాపా. నన్ను ఎవరేమన్నా తిరిగి అనేదానికి నోరుండాది. మట్టికి యాడుండాది?"

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆవిడ ఓపిక నాకు రాలేదు, గొంతు అసలే రాలేదు. మొన్న ఒకాయన వాడిపోయిన మొక్కను బల్ల మీద విసిరికొట్టి, "మీ మాట ఇని సెడిపోయినా" అని అరిచాడు. రైతు సరిగ్గా చేసి ఉండడు అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, కుర్చీ ముందుకు జరిపి ఆయనతో అన్నాను. "కూర్చోండన్నా. నేను మీకు చెప్పనిదేమిటో ముందు అది చూద్దాం."