మంచు మీద అక్క సింగిల్ ఫోటో

పెంగ్విన్ల కంపు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. టీవీలో చూపించే వాళ్లంతా మోసగాళ్లు. రబ్బరు పడవ ఇంకా ఒడ్డు చేరనే లేదు, ఆ వాసన వచ్చి ముక్కులో దూరింది. గొర్రెల దొడ్డిలో చేపల బుట్ట బోర్లించి వారం రోజులు మరిచిపోతే ఎట్లుంటుందో అట్లా ఉంది. అనంతపురంలో పాతికేళ్లుగా పెళ్లి ఫోటోలు తీసుకుని బతికే నేను, భూగోళానికి అడుగున, మెడలో రెండు కెమెరాలు తగిలించుకుని, ముక్కు మూసుకోవడానికి ఖాళీ చెయ్యి లేక ఆ పడవలో కూర్చున్నాను.

నన్ను అక్కడికి తీసుకుపోయింది ఒక షావుకారు. యాడికి దగ్గర నూనె మిల్లు, అనంతపురంలో బట్టల అంగడి ఉన్నాయి ఆయనకు. వాళ్లింట్లో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పేరంటాలు అన్నీ నేనే తీశాను. షష్టిపూర్తి అయినాక పిల్లలు అమ్మానాన్నలను కాశీకి పంపిస్తామంటే, "కాశీకి అందరూ పోతారు, నేను పెంగ్విన్ల కాడికి పోతా" అన్నాడట. పోతే పోయాడు, మధ్యలో నేనెందుకు? ఆ మాటే అడిగాను.

"ఆడ తెల్లోడెవుడో తీస్తే మనల్ని నల్లగా తీస్తాడప్పా. నువ్వయితే తెల్లగా తీస్తావు," అన్నాడు.

నా కళాసేవకు ఆయన నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. పాస్‌పోర్టు తీయించుకున్నాను.

అర్జెంటీనా కొసన ఓడ ఎక్కినాక రెండు రోజులు సముద్రం మమ్మల్ని చేటలో వేసి చెరిగింది. తెచ్చుకున్న చెనిక్కాయల పొడి, జొన్నరొట్టె ముక్కలు లోపలికి పోవడం ఆలస్యం, బయటికి వచ్చేవి. ఓడలో గైడుగా ఉన్న అమ్మాయి ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి, మేం పోతున్న మంచు ఖండం లోపలి భాగమంతా ఎడారేననీ, అక్కడ వాన అనేదే అరుదనీ చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే షావుకారు తల పట్టుకున్నాడు.

"వాన పడని చోటు చూసేదానికి ఇంత దూరమొచ్చినామా? మన గార్లదిన్నెలో బస్సు దిగింటే సరిపోయేది గదప్పా!"

ఆ తర్వాత ఆయన మంచానికి అతుక్కుపోయాడు. నేను పైకెక్కి, ఓడ వెనకే రెక్క ఆడించకుండా తేలి వస్తున్న పెద్ద తెల్ల పక్షుల్ని తీస్తూ ఉంటే, ఆయన భార్య వచ్చి పక్కన నిలబడింది. ఓడవాళ్లిచ్చిన ఎర్ర కోటు మీద ఇంట్లోంచి తెచ్చుకున్న శాలువా కప్పుకుంది. నేను ఆమెను అక్కా అంటాను. ఇన్నేళ్లలో ఆమె నాతో "భోంచేసినావా?" తప్ప వేరే మాట మాట్లాడినట్టు గుర్తు లేదు.

"నాకొక ఫోటో తీసిస్తావాప్పా?" అంది.

"తీస్తానే ఉండా గదక్కా."

"అట్లా కాదు. నన్నొక్కదాన్నే. సింగిల్‌ది."

నాకు విషయం అర్థమైంది. మా వైపు వయసు మళ్లిన వాళ్లు సింగిల్ ఫోటో దిగరు. దిగితే అది గోడకు ఎక్కుతుందనీ, దండ కోసం ఎదురు చూస్తుందనీ భయం. అందుకే ఎవరైనా పోయినప్పుడు ఇంటివాళ్లు ఏదో పెళ్లి గుంపు ఫోటో పట్టుకుని నా స్టూడియోకు పరిగెత్తుకొస్తారు. "అన్నా, రేపు దినం. ఇందులో నుంచి మా అవ్వను ఊడదీసియ్యి." నేను ఊడదీస్తాను. అవ్వ భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది, చెవి పక్కన ఎవరిదో మోచెయ్యి ఉంటుంది. వాటిని చెరిపి, లేని భుజాన్ని గీసి, వెనకాల నీలం ఆకాశం పెట్టి పంపిస్తాను. మా స్టూడియో కరెంటు బిల్లు కట్టేది పెళ్లికొడుకులు కాదు, ఇట్లా ఊడివచ్చిన వాళ్లే.

"మా యత్త ఫోటో నువ్వే చేసిస్తివి గదా," అంది అక్క. "ఆమె చెవికాడ ఇప్పటికీ మా మామ మీసం కొస ఉండాది. దినామూ దీపం పెట్టేటప్పుడు చూస్తా. నన్ను మాత్రం అట్లా ఎవురి పక్కనుంచో కోసి గోడకు తగిలియ్యొద్దు. ఇంటికాడ అడిగితే ఆయప్ప ఇల్లు పీకి పందిరేస్తాడు. ఈడయితే ఎవురూ లేరు. ఒక్కటి, బాగుండేది తీసియ్యి."

ఆ మీసం నేను చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే పెద్ద సిగ్గు ఇంకొకటి నా ఇంట్లోనే ఉంది. మా అమ్మను నేను ఒక్కసారి కూడా సింగిల్‌గా తీయలేదు. కెమెరా ఎత్తితే చాలు, "నన్ను గోడకెక్కిచ్చాలని ఉండాదా నీకు?" అని కొంగు అడ్డం పెట్టుకునేది. పోయినాక ఉపాధి పని కార్డు మీద ఉన్న తపాలా బిళ్లంత ఫోటోను సాగదీసి పటం కట్టించాను. ఊరందరికీ ఫోటోలు తీసినవాడి తల్లి ఎవరూ గుర్తుపట్టలేనంత మసకగా ఉంటుంది. పండగనాడు ఆ పటం తుడవాలంటే నాకు ఏడుపొస్తుంది, కోపమూ వస్తుంది. అందుకే అక్కతో, "ఓడ తిరిగిపోయే లోపల తీసిస్తానక్కా," అని మాటిచ్చేశాను.

మాట ఇవ్వడం సులభం. సముద్రం కుదుటపడగానే షావుకారు లేచాడు. లేచినవాడు ప్రతి ఫ్రేములోనూ దూరాడు. తిమింగలం తోక లేపితే ఆ తోక పక్కన ఆయన, మంచు దిబ్బ ముందు ఆయన, బువ్వ తిని బోర్లా పడుకున్న సీల్ జంతువు వెనకాల చేతులు కట్టుకుని ఆయన. ఆయన ఎక్కడుంటే అక్క అక్కడ ఉండాలి, ఎడమ పక్కన, ఒక అడుగు వెనక. ఆమెను ఒక్కదాన్నే నిలబెట్టి కెమెరా ఎత్తితే, ఎక్కడున్నా ఉరికొచ్చి, "నేను ల్యాకుండా తీస్తాండావేమప్పా?" అనేవాడు.

పెంగ్విన్లు ఆయనకంటే నయం, నా మాట అసలు వినవు కాబట్టి ఆశ ఉండదు. పాతికేళ్ల అలవాటు పోదు కదా, మొదటి రోజు ఒకదానితో "గడ్డం కొంచెం కిందికి, అట్లే, ఈ పక్క చూడు" అనేశాను. అది వెనక్కి తిరిగి నా వైపు పిచికారీ కొట్టింది. గూడు కట్టుకునే రాళ్ల కోసం ఆ పక్షులు పడే కొట్లాట చూస్తే నాకు మా ఊరే గుర్తొచ్చింది. పక్కదాని గూట్లోంచి రాయి ఎత్తుకొస్తుంది ఒకటి. అది తెచ్చేలోపల దీని గూట్లోంచి ఇంకొకటి ఎత్తుకుపోతుంది. మావాళ్లు గట్టు రాళ్లు జరుపుకున్నట్టే, కోర్టు ఒక్కటే తక్కువ.

చివరిసారి దిగేనాడు గైడు ముందే చెప్పింది: గాలి ముదురుతోంది, ఇదే ఆఖరు, గంట మాత్రమే. పక్షికి ఐదు మీటర్ల దూరం ఉండాలి, అదే మీదికి వస్తే కదలకుండా నిలబడాలి. అక్కకిచ్చిన మాట తీర్చడానికి నాకు మిగిలింది ఆ గంటే. షావుకారు ఎప్పటిలాగే ముందు దిగి, ఒక దిబ్బ ఎక్కి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తియ్యప్పా!" అని అరిచాడు. ఆ దిబ్బ మంచుది కాదు. పెంగ్విన్లు ఏళ్ల తరబడి కష్టపడి పెంచుకున్నది. కాళ్లు పైకి లేచి, వెల్లకిలా పడి, కింది దాకా జారిపోయాడు. లేచేసరికి తల నుంచి బూట్ల దాకా గులాబీ రంగు రెట్ట, అవి తినే ఎర్ర రొయ్యల రంగు. ఇద్దరు ఓడవాళ్లు వచ్చి ఆయన్ని కడగడానికి నీళ్ల దగ్గరికి నడిపించుకుపోయారు. పాపం అనుకోవాలి. నేను అనుకోలేదు.

"అక్కా, ఇప్పుడే! ఆడ నిలబడు!"

ఆమె శాలువా తీసి మడిచి కింద పెట్టింది. జుట్టు సర్దుకుంది. బిగుసుకుని నిలబడింది, పెళ్లిచూపులనాటి పిల్లలాగా. నొక్కితే ఒక కెమెరా పలకలేదు, రెండోదీ పలకలేదు. చలికి రెండింటి బ్యాటరీలూ చచ్చాయి. బనియన్ లోపల వెచ్చగా దాచుకున్న ఇంకో బ్యాటరీని ఎక్కిస్తుంటే, నీళ్ల దగ్గరి నుంచి షావుకారు గొంతు వినిపిస్తోంది: "నేనొస్తాండా, ఉండు!"

అప్పుడే ఒక పెంగ్విన్ గుంపులోంచి విడిపోయి అటూ ఇటూ ఊగుతూ సూటిగా అక్క వైపు నడిచింది. ఆమె కదల్లేదు. కదలకూడదన్నారు. అది వచ్చి ఆమె బూటు ముందు ఆగి, తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. చూస్తూనే ఉండిపోయింది. అక్క కిందికి చూసింది. నవ్వింది. పళ్లన్నీ కనబడేలా, కళ్లు మూతలు పడేలా, భుజాలు కదిలేలా నవ్వింది. నేను నొక్కాను.

ఓడలో ఆమెకు చూపించి, "పక్షిని తీసేసి సింగిల్‌గా చేసియ్యనా అక్కా?" అన్నాను.

"ఉండనీలే. దండేస్తే ఇద్దరికీ కలిపే ఏస్తారు."

ఇంటికొచ్చినాక అక్క దాన్ని పెద్దది చేయించి, పటం కట్టించి, తన చేతులతోనే హాల్లో మేకు కొట్టి తగిలించింది. వచ్చినవాళ్లు గుమ్మంలో దాన్ని చూసి గతుక్కుమని దండం పెట్టుకుంటారు. అంతలో ఆమె కాఫీ తెచ్చిస్తుంది. సోమందేపల్లె చుట్టం ఒకాయన కాఫీ ఒలకబోసుకున్నాడట. షావుకారు ఇల్లు పీకి పందిరేస్తాడని నేను ఎదురుచూశాను. ఏమీ అనలేదట. పది రోజుల తర్వాత ఒంటరిగా నా స్టూడియోకు వచ్చాడు.

"ఆమె అట్లా నగేది నేనెప్పుడూ చూల్లేదప్పా," అన్నాడు. "నీ కాడ మావి ఇన్నేండ్ల ఫోటోలు ఉండాయి గదా. నా పక్కన నిలబడి నగినేది ఒక్కటి వెతికియ్యి. దాన్నీ పెద్దది చేపిస్తా."

నాలుగు రోజులు వెతికాను. పాత ఆల్బములు, డిస్కులు అన్నీ తిరగేశాను. అక్క అన్నిట్లో ఉంది. తాంబూలం పళ్లెం పట్టుకుని ఉంది, వంటల వైపు చూస్తూ ఉంది, మనవడి ముక్కు తుడుస్తూ ఉంది, ఆయనకు ఎడమ పక్కన ఒక అడుగు వెనక ఉంది. నవ్వు లేదు. ఆ ఫోటోలన్నీ తీసింది నేనే. "అక్కా, కొంచెం పక్కకు జరుగు" అన్నదీ నేనే. ఆ నవ్వు కోసి ఆయన పక్కన అతికించడం నాకు పది నిమిషాల పని. మౌసు మీద చెయ్యి కూడా పెట్టాను. మనసు రాలేదు.

ఐదో రోజు ఆయన వచ్చాడు.

"దొరికిందాప్పా?"

"లేదన్నా."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత, గట్టిగా అడగడం తప్ప ఏమీ రాని మనిషి, చాలా మెల్లగా అడిగాడు.

"ఆ పక్షి ఏం చేసిందప్పా ఆమెకు?"

"ఏమీ చెయ్యలేదన్నా. దగ్గరికొచ్చి నిలబడి, ఆమె మొగం చూసింది. అంతే."